పది కిలోల లోపు

జూన్ 9

చిట్టీ,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెడదామనుకున్నాను, చెయ్యి రాలేదు. మీ బావ క్షేమం, ఎక్కడివాళ్లక్కడ ఉన్న పిల్లలు క్షేమం, పరుపుల కొట్టు క్షేమం, నేను సగం క్షేమం. మిగతా సగానికి కుట్లు వేసి నిన్ననే ఇంటికి పంపించారు.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. మా ఫోను కొట్లో దూది బస్తాల పక్కన ఉంటుందని నీకు తెలుసు. నేను రిసీవరు పట్టుకుని "గర్భసంచి" అన్నానంటే దూది ఏకే మనిషి చెయ్యి ఆగిపోతుంది, గలీబు బేరమాడే ఆవిడ నోరు ఆగిపోతుంది, మీ బావకి గుండె ఆగిపోతుంది. అందుకని ఉత్తరం. నువ్వూ ఉత్తరమే రాయి.

నీ పిల్లని, మన ఉడుతని, ఉన్నపళంగా వచ్చి తీసుకెళ్లిపొమ్మన్నప్పుడు నీ మొహం చూశాను. పాకడం కూడా రాని పిల్లని నా చేతిలో పెట్టి నువ్వు రేవుకి క్రేను నేర్చుకోవడానికి వెళ్లావు. నడక వచ్చిన పిల్లని నీ చేతిలో పెట్టి "ఒంట్లో బాగోలేదు" అని ఊరుకున్నాను. మగవాళ్లిద్దరూ అక్కడే ఉంటే ఇంకేం చెప్పను? ఇప్పుడు విను. నాకు గర్భసంచి కిందికి జారింది. ఇవాళ నిన్న కాదు. మూడో కాన్పు నుంచీ ఏదో కిందికి లాగుతున్నట్టే ఉండేది. సాయంత్రమయ్యేసరికి నిలబడలేకపోయేదాన్ని. చివరికి చేతికి తగిలేంత కిందికి వచ్చింది. గుడ్డ బిగించి కట్టుకుని పరుపులు కుట్టాను. దగ్గితే తడి, నవ్వితే తడి. అందుకే నీ వేళాకోళాలకి మొహం ముడుచుకునేదాన్ని. మా అక్కకి నవ్వడం చేతకాదని నువ్వు అందరికీ చెప్పావు.

డాక్టరమ్మ గర్భసంచి తీసేసి, జారినవన్నీ పైకి లాగి కుట్టింది. పరుపుకి టాకా వేసినట్టా అని అడిగాను. "అలాంటిదే. కానీ నువ్వు దబ్బనంతో వేసినంత గట్టిగా ఉండదు, జాగ్రత్తగా చూసుకోవాలి" అంది. ఇప్పటికైతే నీళ్లు నిండిన చెంబు కంటే బరువైనది ముట్టుకోకూడదు. గొంతుక్కూర్చోకూడదు. దొడ్డికి వెళ్లినప్పుడు ముక్కకూడదు, దానికోసం ఆకుకూరలు, పళ్లు, నీళ్లు, పైగా ఒక సిరప్పు. రోజూ కొద్దికొద్దిగా నడవాలి. కాస్త మరకలు కనబడుతూనే ఉంటాయట, కంగారుపడొద్దంది. జ్వరమొచ్చినా, దుర్వాసన వచ్చినా, రక్తం ఎక్కువైనా, మూత్రం రాకపోయినా మాత్రం పరుగెత్తుకు రమ్మంది. పరుగెత్తకూడదని కూడా తనే అంది. మరి ఎలా రావాలో చెప్పలేదు.

మూడు నెలలకి మళ్లీ పరీక్ష. అంతా బాగా అతుక్కుంటే అప్పట్నుంచి పది కిలోల లోపు ఎత్తొచ్చట, మోకాళ్లు వంచి, ఊపిరి బిగబట్టకుండా. అంతకు మించితే మళ్లీ జారొచ్చు, మళ్లీ కొయ్యాలి. పది కిలోలంటే ఎంతో నాకు కాటా అక్కర్లేదులే.

ఉడుత ఎంత బరువుంది? మర్చిపోకుండా రాయి.

పడుకునే రాశాను గనుక వంకర గీతలు క్షమించు,
నీ అక్క


జూన్ 21

అక్కా,

నీ ఉత్తరం క్రేను మీద క్యాబిన్‌లో కూర్చుని చదివాను. కింద మేస్త్రీ చేతులూపుతూనే ఉన్నాడు, పైన నాకు కళ్లు ఆనడం లేదు. కొక్కేనికి కంటైనరు వేలాడదీసుకుని ఏడ్చిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. దిగాక మేస్త్రీ ఏమ్మా ఏమైందని అడిగితే కంట్లో నలక పడిందన్నాను. అంత ఎత్తులోనా అన్నాడు.

ఎంత విచిత్రమో చూడు. నేను మీట నొక్కి ఇరవై టన్నులు గాల్లోకి లేపుతాను. నువ్వు బిందె లేపకూడదు. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని వీధంతా తిప్పింది నువ్వు, నిన్ను ఒక్క మెట్టు ఎక్కించడానికి నేను దగ్గర లేను.

ఒక్కటి నిజం చెప్పు. నా పిల్లని మోసినందుకేనా ఇదంతా? దాన్ని నేలమీద కాలు పెట్టనిచ్చేదానివి కాదు. ఎడమ చంకలో అది, కుడి చేతిలో దబ్బనం. నేనే నీ మీద బరువు పెట్టి వెళ్లానేమో అనుకుంటే అన్నం దిగడం లేదు.

ఇక దాని బరువు సంగతి. అడుగుతావని తెలుసు. మేం బస్సెక్కేటప్పుడు నువ్వన్న మాట నా చెవిలోనే ఉంది: "నీ చేతికిచ్చాక నెల తిరక్కుండా పుల్లయిపోతుంది చూడు." పుల్ల కాలేదమ్మా. నీ దగ్గర్నుంచి వచ్చినప్పుడు తొమ్మిదిన్నర. రేవు ఆసుపత్రిలో తూయించాను, పదిన్నర. తిండి పెట్టడం నీకొక్కదానికే వచ్చనుకోకు.

వచ్చే నెల నాలుగు రోజులు సెలవు అడుగుతాను. ఉడుతని వెంటబెట్టుకుని వస్తాం. నేను వండుతాను, నువ్వు పడుకుని వంకలు పెడుదువుగాని.

పైన గాల్లో ఉన్న
నీ చిట్టి


జూలై 3

చిట్టీ,

పిచ్చిదానా, నీ పిల్ల ఏం చేసింది? మూడు కాన్పులు, ఒంటి పచ్చి ఆరకుండానే లేచి చేసిన పనులు, పాతికేళ్ల దూది బస్తాలు, ఏళ్ల తరబడి మలబద్ధకం, వీటన్నిటి మీదా సిగ్గు. డాక్టరమ్మ సిగ్గుకే ఎక్కువ మార్కులేసింది. ముందే వచ్చుంటే ఒక రింగు పెట్టో, వ్యాయామం నేర్పో నెట్టుకొచ్చేదాన్నంది. నువ్వు కూడా బిడ్డని కన్నదానివే. దగ్గితే తడి అవుతుంటే నాలాగా నోరు కుట్టేసుకోకు, ఎవరికైనా చూపించు.

మీ బావ సేవ గురించి రాయాలి. నేను ఎత్తుతానేమోనని బకెట్లు, బిందెలు, చివరికి చీపురు కూడా అటక మీద పెట్టేశాడు. ఇప్పుడు ఆయనకే అవి అందక, రోజూ నిచ్చెన ఎక్కుతున్నాడు. పొద్దున్నే సిరప్పు ఇచ్చి, గోడవైపు తిరిగి నిలబడి "ఇవాళ సుఖంగానేనా?" అంటాడు. సుఖంగానే అంటే ఆ రోజంతా ఈల వేస్తూ కుడతాడు. పాతికేళ్ల కాపురంలో నా కడుపు గురించి ఆయన ఇంత ఆలోచించడం ఇదే మొదలు.

కుట్లు కాస్త మానాక నర్సమ్మ ఒక వ్యాయామం మొదలుపెట్టించింది. మూత్రం ఆపుకున్నట్టుగా లోపలి కండని పైకి బిగించి, కాసేపు ఉంచి, మెల్లగా వదలాలి. పైకి ఎవరికీ తెలియదు. కొట్లో కుర్చీ వేసుకుని కూర్చుని చేసుకుంటున్నాను. ఇంకాస్త తగ్గించండమ్మా అంటారు జనం. నేను బిగించి ఉన్నాను గనుక జవాబివ్వను. నా మొహం చూసి వాళ్లే దిగొచ్చి, చెప్పిన ధరకి పట్టుకుపోతున్నారు. మీ బావ దీన్ని కొనసాగించమంటున్నాడు.

ఉడుత పదిన్నరా? ఒక్క నెలలో కిలోనా? మంచిదే. ఆ కాటా సరిగ్గానే ఉందా? ఇంకోసారి తూయించు. అలాగే దాని నడుముకి ఒక దారం చుట్టి, కొలత తుంచి పంపు. కూర్చుని చేసే పని చేసుకోవచ్చంది డాక్టరమ్మ, గౌను కుడతాను.

నువ్వు మాత్రం ఈ నెల రావద్దు. పిల్లని అసలు తేవద్దు. తర్వాత చూద్దాం. ఎందుకని అడక్కు.

ఈసారి కూర్చునే రాసిన
నీ అక్క


జూలై 17

గౌరవనీయులైన అక్కగారికి,

తమరు సుఖంగా ఉన్నందుకు సంతోషం. తమరి ఆజ్ఞ ప్రకారం సెలవు కాగితం చింపేశాను.

నేను రావద్దంటే సరే. నీ ఒంటికి ఓపిక లేదు, ఇంట్లో ఇంకో మనిషి సందడి వద్దనుకున్నావు, అర్థం చేసుకుంటాను. కానీ "పిల్లని అసలు తేవద్దు" అని రాయడానికి నీకు చెయ్యి ఎలా వచ్చింది? ఆ పిల్ల మొదటి మాట "అమ్మ" కాదు, "పెమ్మ". అది నేను ఎంత దిగమింగుకున్నానో నీకు తెలుసా? నీ దగ్గర అంతకాలం ఉన్న పిల్ల, ఇప్పుడు నీకు బరువైపోయింది. కనీసం నిజం రాయి. నా పిల్ల వల్లే ఇదంతా వచ్చిందని నీకూ లోపల ఉంది. లేదు లేదని రాస్తూనే గుమ్మంలోకి రానివ్వనంటున్నావు.

రెండుసార్లూ అడిగింది దాని బరువే. అది నవ్వుతోందా, ఏం మాటలొచ్చాయి, ఎవరిని చూసి భయపడుతోంది, ఇవేమీ అక్కర్లేదు. కాటా సరిగ్గానే ఉందా అని కూడా అడిగావు. నా మీద అంత అపనమ్మకం. కాటా సరిగ్గానే ఉంది. పదకొండున్నర. రేవు శిశుశాలలో ఆయా దగ్గర హాయిగా ఉంటోంది. ఈమధ్య ఆయానే పెద్దమ్మ అంటోంది. పిల్లలు తొందరగానే మర్చిపోతారు.

దారం ఇందులో పెట్టాను. అడిగావు గనుక.

ఇట్లు,
తమరి చెల్లెలు


ఆగస్టు 2

చిట్టీ,

నీ ఉత్తరం వచ్చిన రోజు మీ బావ గోడవైపు తిరిగి అడిగినదానికి నేను జవాబివ్వలేదు. ఆయన భయపడి డాక్టరమ్మని పిలుస్తానన్నాడు.

పదకొండున్నర అని చదివి ఏం చేశానో చెప్తాను, నవ్వు. దూది ఏకే మనిషిని పిలిచి పదకొండున్నర కిలోల దూది తూయించి, ఒక గలీబులో పోయించాను. ఉడుతంత బరువు ఎలా ఉంటుందో ఒకసారి చూద్దామనిపించింది. దూది కదా, మనిషిని మించిన మూట తయారైంది. ఎత్తలేదు, ఒట్టు. పక్కన కూర్చుని చేతులు చుట్టాను. చేతులు అందలేదు. మీ బావ వచ్చి చూసి, తిట్టబోయి, నా మొహం చూసి మూట విప్పేశాడు.

డాక్టరమ్మ పది కిలోలంది. మొదటి ఉత్తరంలోనే రాశాను. నేను ఆవిడని దూది గురించి అడగలేదే. ఉడుత గురించి అడిగాను. కత్తి పెట్టకముందే అడిగాను, మత్తులోంచి లేచాక మళ్లీ అడిగాను. పది లోపు ఉంటే ఎత్తుకోవచ్చు, దాటితే లేదు. అందుకే నీకు ప్రతిసారీ బరువు అడిగాను. నీ వంట గురించి కాదు, నీ పెంపకం గురించి కాదు. ఈలోపు దాన్ని తేవద్దన్నది కూడా అందుకే. అది గుమ్మంలో నిలబడి రెండు చేతులూ చాచితే నేను ఆగలేను. కుట్లు తెగినా ఎత్తుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

పదిన్నర అన్నప్పుడు పోనీలే, నడక బాగా వచ్చాక తగ్గుతుందనుకున్నాను. పదకొండున్నర అన్నప్పుడు ఆశ వదులుకున్నాను. నెలకి కిలో పెరిగే పిల్ల ఎక్కడైనా ఉంటుందా, ఆ తూకంలో తప్పుందని మీ బావ అన్నాడు. భయపడేవాళ్లకి ఏ లెక్కయినా నిజమే.

ఆ తర్వాత, అంటే నీ కవరు పారేయబోతుంటే, దారం కిందపడింది. గౌను సంగతి మర్చిపోయాను. పోయిన చలికాలం ఉడుతకి కొలిచిన దారం ఇంకా మేకుకే ఉంది. రెండూ మోకాలి మీద పక్కపక్కన పెట్టాను. ఒక్క పోగు తేడా లేదు.

చిట్టీ, పిల్ల తింటోందా?

నీ మీద కోపం లేదు. నా మీదే ఉంది. ఎందుకో తెలుసా? ఆ రెండు దారాలూ సమానంగా కనబడగానే నా ప్రాణం లేచొచ్చింది. పది దాటలేదు, ఎత్తుకోవచ్చు అనుకున్నాను. ఆ తర్వాత తెలిసింది నేను దేనికి సంతోషిస్తున్నానో. పిల్ల పెరగలేదని సంతోషించిన పెద్దమ్మని నేను. ఇన్నాళ్లూ నేను కోరుకున్నది అదే. థూ నా బతుకు అనుకున్నాను.

ఇప్పుడు చెప్పినట్టు చెయ్యి. దానికి విడిగా కంచం పెట్టకు. నీ కంచంలోంచే పెట్టు, నీకోసం కలిపిన ముద్దని అది లాక్కోవాలి, అప్పుడే తింటుంది. కిటికీ వైపు మొహం పెట్టి ఒళ్లో కూర్చోబెట్టుకో. బతిమాలావా, నోరు మూసేస్తుంది. నువ్వు పట్టించుకోనట్టు తింటూ ఉండు. నిద్రకి దాని పిడికిట్లో దూది పింజ పెట్టు. నోట్లో పెట్టుకోకుండా చూసుకో, నిద్రపోగానే తీసెయ్యి. కొంచెం దూది ఇందులో పెడుతున్నాను, మా కొట్టుది. దానికి వాసన తెలుసు.

దాన్ని పెంచు. పది దాటించు. పన్నెండు చెయ్యి. నా సంగతి వదిలెయ్యి.

నీ అక్క


ఆగస్టు 12

అక్కా,

తొమ్మిదీ ముప్పావు. ఇది నిజం. మీ మరిది పక్కన నిలబడి చూశాడు, కావాలంటే ఆయన చేత సంతకం పెట్టిస్తాను.

ఇక్కడికి వచ్చిన మొదటి వారం అది ఏమీ తినలేదు. తలుపు వైపు చూస్తూ కూర్చునేది. ఎవరైనా కాస్త లావుపాటి ఆవిడ వస్తే లేచి నిలబడేది, దగ్గరకొచ్చాక మొహం తిప్పుకునేది. తొమ్మిది కిలోలకి దిగిపోయింది. అప్పుడే నీ ఉత్తరం వచ్చింది, ఎంత బరువుందని. నువ్వు బస్సు దగ్గర అన్నదే నిజమైంది. అది నీతో ఎలా ఒప్పుకోను? పది కిలోలన్న మాట చదివాను, కొట్లో దూది మూటల సంగతి అనుకున్నాను. నీకు పని తప్ప వేరే ఆశ ఉంటుందని తోచలేదు. నీ దగ్గర్నుంచి వచ్చినప్పటి బరువుకి ఒక కిలో కలిపి రాశాను. తర్వాత ఇంకో కిలో. నేను గొప్పగా పెంచుతున్నానని రాసిన ప్రతి కిలో నీ చేతుల్లోంచి లాక్కున్నానని నాకేం తెలుసు?

ఆయాని పెద్దమ్మ అందని రాసింది కూడా అబద్ధమే. నిన్ను నొప్పించడానికి రాశాను. అది ఎవరినీ అలా పిలవలేదు.

నీ కవరు విప్పి దూది దాని చేతిలో పెట్టాను. ముక్కు దగ్గర పెట్టుకుని, నన్ను చూసి, "పెమ్మ?" అని అడిగింది. నేను వంటింట్లోకి పోయి అన్నం కలుపుకుని వచ్చాను. ఆ పూట నా కంచంలో సగం తినేసింది. ఇప్పుడు రోజూ తింటోంది. పెరుగుతుంది అక్కా, ఇక నిజంగానే పెరుగుతుంది. అందుకు ఎలా సంతోషించాలో తెలియడం లేదు.

ఓడలు వరుసకట్టాయి, నాకు సెలవు లేదు. నీ పరీక్ష అయ్యాక మీ మరిది దాన్ని తీసుకొస్తాడు. వద్దనకు.

ఈసారి అబద్ధం లేని
నీ చిట్టి


సెప్టెంబర్ 20

చిట్టీ,

మీ ఆయన ఉడుతని తీసుకుని రేపు బయల్దేరుతున్నాడు. ఈ ఉత్తరం ఆయన జేబులోనే పెడతాను. ఆయన చెప్పేది సగం చెప్తాడు, మిగతా సగం నేను రాస్తాను.

పరీక్షలో అంతా బాగా మానిందంది డాక్టరమ్మ. వ్యాయామం మానొద్దంది, అది జన్మంతా. పిల్ల పది దాటి ఓ పావు ఉంటే ఎత్తుకోవచ్చా అని అడిగాను. బేరమాడుతున్నానని ఆవిడకి తెలిసిపోయింది. "నిలబడి ఎత్తుకోకు. పిల్లలు బస్తాలు కారు, చంకలో గింజుకుంటారు, ఎగురుతారు. నువ్వు కూర్చో. తనే ఒళ్లోకి వస్తుంది" అంది. వస్తుందా అన్నాను. అది తనకి తెలియదంది.

ఇంటికొచ్చి మూడు దిండ్లు కుట్టాను. ఒకటి బెత్తెడు ఎత్తు, ఒకటి జానెడు, ఒకటి నా కుర్చీకి కాస్త తక్కువ. కాలు దిగబడకుండా దూది గట్టిగా కూరించి, దగ్గరదగ్గరగా టాకాలు వేశాను. కూరింది మీ బావే, నేను దబ్బనం మాత్రమే పట్టాను. కుర్చీ ముందు వరసగా పెడితే మెట్లయ్యాయి.

వాళ్లు మొన్న మధ్యాహ్నం వచ్చారు. ఉడుత గుమ్మంలోనే ఆగిపోయి నన్ను చూసింది. గుర్తుపట్టింది, చిట్టీ. గుర్తుపట్టి, పరుగెత్తుకొచ్చి, నా మోకాళ్ల దగ్గర నిలబడి రెండు చేతులూ పైకి చాచింది. నేను నా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీదే కూర్చున్నాను. ఎక్కమ్మా, ఎక్కి రా అన్నాను. అది కదల్లేదు. చేతులు అలాగే చాచి ఉంచింది. ఎంతసేపు ఉంచిందో. తర్వాత పెదవి వంకర తిరిగింది. చేతులు దించేసింది. వెళ్లి వాళ్ల నాన్న కాళ్ల వెనక దాక్కుంది. "నేను అందించనా వదినా?" అన్నాడు మీ ఆయన. వద్దన్నాను. దానికి రావాలని ఉంటే వస్తుంది, లేకపోతే లేదు అన్నాను. అన్నానే గానీ, చిట్టీ, ఆపరేషన్ బల్ల మీద కూడా నాకు అంత నొప్పి తెలియలేదు.

ఆ రోజంతా నా వైపు చూడలేదు. మర్నాడు కూడా మీ బావతోనే కొట్లో తిరిగింది, ఆయన కొలబద్ద పట్టుకుని. నేను కుర్చీలో కూర్చుని గలీబు అంచు కుట్టుకుంటున్నాను. బతిమాలొద్దని నీకు రాసింది నేనే కదా, నాకూ అదే మందు. తల ఎత్తలేదు. పక్కన పళ్లెంలో తొక్క తీసిన పండు ముక్కలు, ఒకటొకటి తింటున్నాను.

కాసేపటికి కింద చప్పుడైంది. మొదటి దిండు మీద కూర్చుని టాకా దారం పీకుతోంది. నేను ఇంకో ముక్క తిన్నాను. దిండు వాసన చూసింది. రెండో దానిమీదికి బోర్లా పడి, కాళ్లు తన్నుకుంటూ పాకింది. మూడో దాని దగ్గర జారింది, నా చెయ్యి దానంతటదే లేచింది, మీ బావ కొట్లోంచి "ఏయ్" అన్నాడు. దించేశాను. అది నా చీర గుప్పిట పట్టుకుని, ముక్కుతూ, తిట్టుకుంటూ, మోకాలు నా తొడ మీద వేసి ఎక్కేసింది. ఎక్కి, తిరిగి కూర్చుని, నా చేతిలోని ముక్క లాక్కుని నోట్లో పెట్టుకుంది.

అప్పుడు చేతులు చుట్టాను. ఈసారి అందాయి.

నేను ఎత్తలేదు. తనే వచ్చింది. ఇన్నాళ్లూ మనిద్దరం దాని బరువు గురించి కొట్టుకున్నాం గానీ, అది ఎక్కగలదా అని ఒక్కరమూ అడగలేదు.

మీ బావ దూది కాటా మీద తూచాడు. పదిన్నర, నువ్వు జూన్‌లో రాసినంత. నీ అబద్ధం నిజమైంది, ఇక పదకొండున్నర కూడా నిజం చెయ్యి.

మెట్లు ఇక్కడే ఉంటాయి. వచ్చేసారికి కాస్త పొడవు పెరిగితే మొదటి దిండు తీసేస్తాను. ఆ తర్వాత రెండోది. అన్నీ తీసేశాక, నేల మీద నిలబడే నన్ను కావలించుకునేంత ఎత్తవుతుంది. దానికి బాగా తిండి పెట్టు చిట్టీ.

ఒళ్లో ఉడుత నిద్రపోతుండగా, కదలకుండా రాసిన
నీ అక్క